బాల్కనీలోని గాలి సెన్సార్‌కు వేరే వైఫై

బెంగళూరులోని మారతహళ్ళి దుమ్మును కొలవడానికి బాల్కనీలో పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి కణాలు) సెన్సార్ పెట్టుకున్న మాకు, బ్యాంకు పనులు చేసే లాప్‌టాప్, ఆ చవక పరికరం ఒకే వైఫైలో ఉండడం కొంతకాలంగా ఇబ్బందిగా తోచేది. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తోనే ఉండిపోయిన పరికరాలు బయటివారికి సులువుగా చిక్కుతాయి; 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) లక్షల కెమెరాలను, రౌటర్లను వశపరచుకున్నది ఆ దారినే.

అందుకే సెన్సార్‌ను వేరే వైఫైకి మార్చడం మేలు; దీనికి ఖర్చు లేదు. బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగుల పేజీని తెరిచి (చిరునామా సాధారణంగా 192.168.0.1 లేదా 192.168.1.1, చాలా రౌటర్లకు అడుగున ముద్రించి ఉంటుంది), గెస్ట్ నెట్‌వర్క్‌ను (అతిథుల కోసం అదే రౌటర్ ఇచ్చే వేరే వైఫై) 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఆన్ చేసి, కనీసం 16 అక్షరాల వేరే పాస్‌వర్డ్ ఇచ్చి, గెస్ట్ పరికరాలకు ఇంటి నెట్‌వర్క్ కనిపించే అనుమతిని తీసివేయాలి. తరువాత సెన్సార్‌ను రీసెట్ చేసి ఆ కొత్త వైఫైకి కలిపి, దానికి సొంత అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే అదీ మార్చాలి. మరచిపోయేది సాధారణంగా ఈ చివరి పనినే.

రీడింగులను క్లౌడ్ (ఇంటర్నెట్‌లోని సర్వర్లు) ద్వారా కాక ఇంటి వైఫై మీదుగా నేరుగా తీసుకునే యాప్ అయితే మాత్రం ఈ పద్ధతి కుదరదు. అప్పుడు ఫోన్‌ను కూడా గెస్ట్‌కు మార్చి చూడవచ్చు గాని, గెస్ట్ పరికరాలను ఒకదానికొకటి కనిపించనీయని రౌటర్లలో అదీ పనిచేయదు.