బీఎస్సీ నర్సింగ్‌లో చేరే ముందు: సిక్కోలు, విజయనగరం పిల్లలకు జాగ్రత్తలు

ఇంటర్ పరీక్షలు అయిన దగ్గర్నుంచి నర్సింగ్ కౌన్సెలింగ్ ముగిసేదాకా ఇంట్లో ఒకరు కాగితాల మీద కన్నేసి ఉండాలి. మార్కులుండీ ఒక సర్టిఫికెట్ లేక సీటు పోవడం, డబ్బు కట్టీ గుర్తింపు లేని కాలేజీలో ఇరుక్కోవడం, ఈ రెండూ ముందుగా చూసుకుంటే తప్పించుకోగలిగేవే. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఏ ఊరివారైనా ఈ పని మార్చిలోనే మొదలుపెట్టండి. జూన్ వస్తే సచివాలయాల్లో, తహసీల్దార్ ఆఫీసుల్లో రద్దీ పెరిగిపోతుంది.

పాసైతే చాలదు

ఇంటర్ పాస్‌కు 35 శాతం చాలు, నర్సింగ్ అర్హతకు చాలదు. భారత నర్సింగ్ మండలి నిబంధన ప్రకారం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి కనీసం 45 శాతం రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. ఇంగ్లిష్‌లో విడిగా పాసై ఉండాలి. మీ కేటగిరీకి ఎంత అని ఆ ఏటి నోటిఫికేషన్‌లో మరోసారి చూసుకోండి.

చాలామంది తప్పేది ఈ లెక్కలోనే. బోటనీ, జువాలజీ వేరువేరు పేపర్లుగా రాసిన బైపీసీ వాళ్లకు ఒక్కో సైన్సు సబ్జెక్టుకు రెండేళ్ల థియరీ 60, 60, ప్రాక్టికల్ 30, మొత్తం 150. నాలుగు సబ్జెక్టులకు 600. అందులో 45 శాతమంటే 270, 40 శాతమంటే 240. ఒక అమ్మాయికి వెయ్యికి 600 వచ్చాయనుకోండి. అందులో సంస్కృతంలో 190, ఇంగ్లిష్‌లో 150 పోతే సైన్సుకు మిగిలేవి 260. ఫస్ట్ క్లాసు మార్కులే అయినా అర్హతకు పది తక్కువ. అందుకే మెమో చేతికి రాగానే భాషల మార్కులు పక్కనపెట్టి సైన్సు మార్కులు కూడండి. తక్కువైతే రీవెరిఫికేషన్, సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ సంగతి వెంటనే కాలేజీలో అడగండి. ఆ ఫీజుల గడువు ఫలితాల తర్వాత కొద్ది రోజులే ఉంటుంది.

ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్) చదివినవారు సైన్సు సబ్జెక్టుల బ్రిడ్జి కోర్సు పరీక్ష రాశారో లేదో చూసుకోవాలి. అది లేకుండా దరఖాస్తు పెడితే పరిశీలనలో తీసేస్తారు.

వయసు చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండాలి. 2026లో చేరాలంటే 2009 డిసెంబరు 31న గానీ అంతకు ముందు గానీ పుట్టి ఉండాలి. పదో తరగతి మెమోలో ఉన్న తేదీయే లెక్క. బడిలో వేసినప్పుడు ఏడాది తగ్గించి రాయించిన పిల్లలుంటే ఇప్పుడే సరిచూడండి. పెళ్లైన అమ్మాయిలకూ అర్హత ఉంది.

ప్రవేశ పరీక్ష

మండలి 2021 నిబంధనల ప్రకారం ప్రవేశ పరీక్ష ఉండాలి. వంద మార్కులు: ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్, నర్సింగ్ ఆప్టిట్యూడ్ ఒక్కోటికి ఇరవై. మన రాష్ట్రంలో కౌన్సెలింగ్ నడిపేది విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఏ పరీక్ష ర్యాంకు తీసుకుంటారో ఆ ఏటి నోటిఫికేషన్ చదివి తెలుసుకోండి. పక్కింటి అక్క చేరిన ఏడాది పద్ధతే ఈ ఏడాదీ ఉంటుందనుకోవద్దు. ఇంటర్ మార్కులు చూశాక పరీక్షకు కడదామని ఆగినా ప్రమాదమే, దరఖాస్తు గడువు ఫలితాలకంటే ముందే అయిపోవచ్చు.

మంగళగిరి ఎయిమ్స్‌లో బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్‌కు 55 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం కావాలి. అక్కడ ఓబీసీకి కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలో లేరనే) సర్టిఫికెట్ అడుగుతారు, రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ చూపిస్తే కుదరదు. సైన్యంలో నర్సింగ్‌కు వెళ్లాలనుకునే అమ్మాయిలు నీట్ రాయాలి. ఆ నియమాలు వేరు, ఇంటర్ మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి.

లోకల్ అంటే ఏమిటి

సరిహద్దు మండలాల వారు, వలస వెళ్లిన కుటుంబాల వారు ఇది రెండుసార్లు చదవండి. సీట్లలో 85 శాతం లోకల్ వారికి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ప్రకాశం దాకా ఉమ్మడి జిల్లాలన్నీ ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధి. చిత్తూరు, నెల్లూరు, కడప, కర్నూలు, అనంతపురం శ్రీవేంకటేశ్వర పరిధి. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఏ పరిధిలో చదివారో అక్కడ లోకల్. ఇంటర్‌కు విజయవాడో గుంటూరో వెళ్లిన పిల్లలకు ఇబ్బంది లేదు, అవీ మన పరిధే. తిరుపతి, నెల్లూరు వెళ్లినవారికి మాత్రం ఈ నాలుగేళ్ల లెక్క తప్పుతుంది. వారికి ఆరో తరగతి నుంచి ఏడేళ్లు చూస్తారు. ఆరు నుంచి పది దాకా ఇక్కడే చదివితే ఐదేళ్లు మనవైపే ఉంటాయి కాబట్టి గట్టెక్కుతారు. కానీ ఆ ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లూ చేతిలో ఉంటేనే. ఆరు, ఏడు తరగతులు ఒక బడిలో, మిగతావి ఇంకో బడిలో చదివి ఉంటే రెండు చోట్లా తిరగాలి. వేసవి సెలవుల్లో హెడ్మాస్టర్లు దొరకరు, అందుకే ఏప్రిల్‌లోపే తీసుకోండి.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో ఇంటర్ చదివినవారికి, తల్లిదండ్రులతో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉండి చదివినవారికి చిక్కు ఎక్కువ. వీరు చదివిన చోటి స్టడీ సర్టిఫికెట్లతోపాటు, కుటుంబం ఇక్కడ ఎన్నేళ్లు నివాసముందో తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువీకరణా తీసుకుని, నోటిఫికేషన్‌లోని లోకల్ నిబంధనతో పోల్చుకున్నాకే దరఖాస్తులో లోకల్ అని పెట్టాలి. కాగితం లేకుండా లోకల్ అని పెట్టి, సీటు వచ్చాక పరిశీలనలో రద్దయితే ఆ రౌండు పోయినట్టే. మధ్యలో ఒక ఏడాది చదువు ఆపినవారు, ఓపెన్ స్కూల్లో పది రాసినవారు ఆ కాలానికి నివాస ధ్రువీకరణ పెట్టాలి.

కులం, ఆదాయం, పేరు

2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. పాలకొండ, సీతంపేట, కురుపాం, సాలూరు వైపు వారి పాత కాగితాల్లో శ్రీకాకుళం అనో విజయనగరం అనో ఉంటుంది. ఒక కాగితంలో పాత జిల్లా, ఇంకో దాంట్లో కొత్త జిల్లా ఉంటే అడిగినప్పుడు చెప్పడానికి మీ సచివాలయం నుంచి తాజా ప్రతి దగ్గర పెట్టుకోండి. సవర, జాతాపు గిరిజన పిల్లల విషయంలో ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనుక, ఇంకోచోట అసలే లేకుండా ఉంటుంది. పదో తరగతి మెమోలో పేరు ఎలా ఉందో ఆధార్‌లో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. తేడా ఉంటే ఆధార్ మార్పించండి, మెమో మార్పించడం చాలా ఆలస్యమయ్యే పని. ఓసీల్లో పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది కాబట్టి ఏప్రిల్ తర్వాత కొత్తది తీసుకోండి.

ఇంకొకటి. తీర గ్రామాల్లో నాన్న గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వెళ్లి ఉంటారు. ఆధార్‌కు, దరఖాస్తుకు ఆయన నంబరే ఇస్తే ఓటీపీ సముద్రం మధ్యలో ఉన్న ఫోన్‌కి వెళ్తుంది. కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టే ఆఖరి గంటలో దాని కోసం ఎదురుచూడటం కంటే, ముందే పిల్ల దగ్గరో అమ్మ దగ్గరో ఉండే నంబరు ఆధార్‌కు కలిపించండి. దరఖాస్తు నెట్ సెంటర్లో పెట్టిస్తే ఫోన్ నంబరు, మెయిల్, పాస్‌వర్డ్ మీవే ఉండాలి. సెంటర్ వాడి మెయిల్‌తో పెట్టిన దరఖాస్తుకు సీటు వచ్చినా మీకు తెలియదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆశతో చేరేవారు రెండు సంగతులు గుర్తుంచుకోండి. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు, కన్వీనర్ (ప్రభుత్వ కోటా) సీటే అయి ఉండాలి. మేనేజ్‌మెంట్ సీటులో చేర్చి, తర్వాత ప్రభుత్వం ఇస్తుందిలే అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఏజెంటు ఇంటికొస్తే

ఫలితాలు వచ్చిన వారానికే బెంగళూరు కాలేజీల మనుషులు పల్లెలకు వస్తారు. అక్కడ మంచి కాలేజీలు లేవని కాదు. వచ్చిన మనిషి చెప్పే కాలేజీ ఏదో తేల్చుకోవడమే మన పని. కాలేజీ పూర్తి పేరు, ఊరు అడిగి మూడు చోట్ల వెతకండి: భారత నర్సింగ్ మండలి వెబ్‌సైట్, ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్, ఆ రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయం. మూడింటిలోనూ ఈ ఏడాదికి, బీఎస్సీ నర్సింగ్‌కు, ఇన్ని సీట్లకు అని కనిపించాలి. జీఎన్ఎంకు (జనరల్ నర్సింగ్ డిప్లొమా) అనుమతి ఉండి బీఎస్సీకి లేని కాలేజీలున్నాయి. ఒకే పేరుతో రెండు ఊళ్లలో ఉన్నవీ ఉన్నాయి.

"కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అన్నారంటే అక్కడితో మాట ఆపేయండి. ప్రతి కోర్సులో 80 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ హాజరు వందకు వంద పూర్తి కావాలి. చివరి సెమిస్టర్ అంతా వారానికి 48 గంటల చొప్పున 22 వారాల ఇంటర్న్‌షిప్. ఇవి లేకుండా ఎవరైనా కాగితం ఇచ్చినా, కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కాకపోతే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే హక్కు రాదు. వేరే రాష్ట్రంలో చదివితే ముందు అక్కడ రిజిస్టరై, తర్వాత ఇక్కడి కౌన్సిల్‌కు మార్పించుకోవాలి. ఆ తిరుగుడుకూ సిద్ధపడాలి.

నర్సింగ్ అసిస్టెంట్, పేషెంట్ కేర్ వంటి ఏడాది కోర్సులను "నర్సింగే" అని అమ్మేవారున్నారు. అవి చదివితే స్టాఫ్ నర్సు కాలేరు. జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు.

కాలేజీ దగ్గరిదైనా దూరానిదైనా, చేరే ముందు దాని ఆసుపత్రికి ఒక మామూలు పనిరోజు ఉదయం వెళ్లండి. సొంత ఆసుపత్రికి వంద పడకలుండాలన్నది నియమం. బోర్డు మీది అంకె చూసి రాకండి, వార్డుల్లో రోగులు ఉన్నారా, కాన్పులు జరుగుతున్నాయా చూడండి. ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలని మండలి లెక్క. ఖాళీ మంచాల మధ్య నాలుగేళ్లు తిరిగినవారికి ఇంజెక్షన్ చేయడంలో చెయ్యి కుదరదు. డబ్బు ఏజెంటు చేతికి కాక కాలేజీ ఖాతాకే కట్టి రసీదు తీసుకోండి. ఒరిజినల్స్ ఏజెంటుకు ఇవ్వకండి, ఒకసారి చేయి దాటితే ఇక్కడి కౌన్సెలింగ్‌కు చూపించడానికి ఏమీ మిగలదు.

ఒంటి సంగతి

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు. రంగులు గుర్తించడంలో లోపమున్నా, దాన్ని సరిచేసే కళ్లద్దాలో లెన్సో వాడితే అర్హత ఉంది, ఆ కారణంగా భయపడి మానుకోవద్దు. దివ్యాంగుల కోటా కాలి లోపం 40 నుంచి 50 శాతం ఉన్నవారికి మాత్రమే.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులు: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. వార్డులోకి అడుగుపెట్టిన రోజు నుంచీ సూదులతోనే పని. చిన్నప్పుడు వేయించినట్టు కార్డు లేకపోతే డాక్టరును అడిగి ఇంటర్ పరీక్షలు కాగానే మొదలుపెట్టండి. అమ్మాయిలకు హిమోగ్లోబిన్ పరీక్ష కూడా ఆ రోజే చేయించండి. 12 గ్రాములకు తక్కువుంటే ఐరన్ మాత్రలు వేసుకుంటూ ఈ నెలల్లోనే పెంచుకోవచ్చు. రక్తం తక్కువున్న పిల్లలు గంటల తరబడి నిలబడే డ్యూటీల్లో కళ్లు తిరిగి పడిపోతారు.