నిద్రమాత్ర వాడితే పడిపోరట! నా తప్పు దొరికిన తీరు

65 దాటినవాళ్ల డేటాలో నిద్రమాత్రలు వాడేవాళ్లే తక్కువగా పడిపోతున్నట్టు వచ్చింది. హజార్డ్ రేషియో (వాడనివాళ్లతో పోలిస్తే వాడేవాళ్లు పడే వేగం ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1 కన్నా కిందే. డాక్టర్లు చెప్పేదానికి పూర్తి రివర్స్! వయసు సర్దాను, ప్రొపెన్సిటీ మ్యాచింగ్ (మాత్ర వాడే అవకాశం ఒకేలా ఉన్నవాళ్లను జతచేసి పోల్చడం) చేశాను, లాభం లేదు.

చివరికి డేటాలో ఒక్క పేషెంట్ వరస తీసి చూశాను. ఫాలోఅప్‌లో చేరింది జనవరిలో, మాత్ర మొదలైంది జూన్‌లో. నేనేమో జనవరి నుంచే వాడినట్టు లెక్కేశాను. పడగానే ఫాలోఅప్ ఆపేస్తాం కాబట్టి, మాత్ర మొదలవక ముందే పడినవాళ్లు మాత్ర వాడేవాళ్ల గుంపులోకి రానేరారు. అందుకే ఆ గుంపు తక్కువగా పడుతున్నట్టు కనిపించింది.

ముందు ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో టీమెర్జ్ ఫంక్షన్‌తో ఆ వరసను రెండుగా విడగొట్టాను: మాత్రకు ముందు 0, తర్వాత 1. పడిన రోజును ఈవెంట్‌గా కలిపాను. తర్వాత ఆ రేషియోను లెక్కగట్టే కాక్స్ మోడల్‌కి ప్రతి ముక్క మొదలూ చివరా రెండూ ఇచ్చాను. రేషియో 1 దాటింది.

మాత్ర మానేసిన తేదీలు నా దగ్గర లేవు. పైగా నిద్ర పట్టనివాళ్లు మాత్ర లేకపోయినా రాత్రిళ్లు లేచి తూలొచ్చు, ఆ చిక్కు అలాగే ఉంది. మీ డేటాలోనూ ఇదే కారణమని చెప్పలేను.