యార్‌ట్సైట్ తేదీ కుదరడం లేదా? తప్పు ఎక్కడుందో చూడండి

యూదులు తమవారు పోయిన రోజును ఏటా హీబ్రూ పంచాంగం ప్రకారం పాటిస్తారు. మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీలు దాన్ని యార్‌ట్సైట్ అంటారు, స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న సెఫార్దీల ఇళ్లలో నహలా అంటారు. ఒక రోజంతా వెలిగే దీపం పెట్టడం, పదిమంది కూడిన ప్రార్థనలో పోయినవారి కోసం చెప్పే కద్దిష్ అనే ప్రార్థన చదవడం, వీలైతే సమాధి దగ్గరికి వెళ్లి రావడం ఇందులో ముఖ్యం. చిక్కంతా తేదీతోనే. తిథి చూసి తద్దినం పెట్టుకునేవారికి ఈ తంటా కొత్తగా అనిపించదు.

సమస్య: అన్నదమ్ములిద్దరూ ఒకే తండ్రికి వేర్వేరు రోజుల్లో దీపం పెడుతున్నారు

కారణం దాదాపు ఎప్పుడూ సూర్యాస్తమయమే. హీబ్రూ తేదీ అర్ధరాత్రి కాదు, పొద్దు గుంకగానే మారుతుంది. ఇజ్రాయెల్ ప్రధాని యిట్జాక్ రాబిన్‌పై 1995 నవంబరు 4న టెల్ అవీవ్‌లో కాల్పులు జరిగింది రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో. ఆ పగలు హీబ్రూ నెల హెష్వాన్‌లో 11వ తేదీ అయినా అప్పటికి 12 వచ్చేసింది. అందుకే ఆయన స్మారక దినం హెష్వాన్ 12.

పరిష్కారం: ప్రాణం పోయిన గంట కనుక్కోండి. ఆ రోజు ఆ ఊళ్లో సూర్యుడు ఎప్పుడు అస్తమించాడో చూడండి. సాధారణంగా చూసేది మరణించిన చోటి సమయమే. తండ్రి ముంబయిలో పోతే, కొడుకు న్యూయార్క్‌లో ఉన్నా ముంబయి పొద్దే లెక్క. తేదీ మార్చి చూపే వెబ్‌సైట్లలో 'సూర్యాస్తమయం తర్వాత' అనే గడి ఉంటుంది. దాన్ని చూడకుండా వదిలేసినవారే ఎక్కువ. సరిగ్గా సంధ్యవేళ పోయి ఉంటే మాత్రం రబ్బీని (యూదుల మతగురువును) అడగక తప్పదు.

ఇంకో మాట: క్యాలెండరు మంగళవారం అని చూపితే, దీపం పెట్టాల్సింది సోమవారం సాయంత్రం.

సమస్య: ఫోను ఏటా ఒకే తేదీన గుర్తుచేస్తోంది

ఇంగ్లిష్ తేదీ నమోదు చేసుకున్నారన్నమాట. హీబ్రూ తేదీ దానితో పోలిస్తే ఏటా సుమారు 11 రోజులు ముందుకు వచ్చి, అధికమాసం ఉన్న ఏడు మళ్లీ వెనక్కి పోతుంది. హీబ్రూ తేదీనే నమోదు చేయండి.

సమస్య: ఈ ఏడు అదార్ నెలలు రెండున్నాయి, ఏది మనది?

19 ఏళ్లలో 7 ఏళ్లకు పదమూడో నెల వస్తుంది. మన అధికమాసం ఒక్కోసారి ఒక్కో నెలకు వస్తుంది గానీ, వీరికి ఎప్పుడూ అదారే రెండవుతుంది. హీబ్రూ లెక్కలో 5787 (2026-27) అలాంటి సంవత్సరం. 2025 మార్చి 10 పగలు, అంటే మామూలు ఏడాది అదార్ 10న పోయినవారికి 2027లో రెండు తేదీలు కనిపిస్తాయి: మొదటి అదార్ 10 ఫిబ్రవరి 17న, రెండో అదార్ 10 మార్చి 19న.

అష్కెనాజీ ఆచారం మొదటి అదార్. రెండింటిలోనూ పాటించేవారూ ఉన్నారు. సెఫార్దీలు రెండో అదార్‌లో పాటిస్తారు. ఏది సరైనదని వాదించుకోవడం దండగ, ఇంటి ఆచారమేదో పెద్దలను అడిగి దానికే కట్టుబడండి. అధికమాసం ఉన్న ఏడాదే పోయినవారి విషయంలో ఈ గొడవ లేదు. ఏ అదార్‌లో పోతే అలాంటి ఏడాదుల్లో ఆ అదారే, మామూలు ఏళ్లలో ఉన్న ఒక్క అదారే.

సమస్య: ఆ తేదీయే క్యాలెండరులో లేదు

హెష్వాన్, కిస్లేవ్ నెలలకు కొన్ని ఏళ్లలో 29 రోజులే. హెష్వాన్ 30న పోయినవారికి ఎక్కువగా వాడే పద్ధతి ఇది: మొదటి వర్ధంతి ఏడాదిలో 30వ తేదీ ఉందా చూడండి. లేకపోతే, 30 లేని ఏళ్లన్నిటా 29నే. ఉంటే, 30 లేని ఏళ్లలో తర్వాతి నెల మొదటి రోజు, అంటే కిస్లేవ్ 1.

సమస్య: కద్దిష్ ఆపేశాం, వర్ధంతి ఇంకా రాలేదు

తప్పేమీ జరగలేదు. తల్లిదండ్రులకు కద్దిష్ సాధారణంగా 11 నెలలు, సంతాపం 12 నెలలు. మధ్యలో అధికమాసం పడితే వర్ధంతి 13వ నెల నిండాకే వస్తుంది.

సమస్య: దీపం పెట్టడం మరిచిపోయాం

మరుసటి సూర్యాస్తమయం లోపు ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు పెట్టండి. అది సబ్బాత్ (శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా ఉండే విశ్రాంతి దినం) అయితే నిప్పు ముట్టించకూడదు. కాబట్టి వర్ధంతి శనివారం పడే ఏడు, శుక్రవారం సాయంత్రం సబ్బాత్ దీపాలకంటే ముందే దీన్ని వెలిగించాలి. గాజు గ్లాసులో వచ్చే 24 గంటల కొవ్వొత్తి ఒకటి ముందే కొని ఉంచుకోండి, శుక్రవారం మధ్యాహ్నానికే దుకాణం మూసేస్తారు.