బజర్‌తో చిన్న రాగం పలికించడం ఎలా?

మైక్రోకంట్రోలర్‌తో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న కంప్యూటర్ చిప్‌తో) పాట పలికిద్దామని కూర్చున్నవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది బజర్ దగ్గరే. చూడటానికి ఒకేలా ఉండే బజర్లలో రెండు రకాలున్నాయి. యాక్టివ్ బజర్‌లో ఆసిలేటర్, అంటే కంపనాలు పుట్టించే సర్క్యూట్, లోపలే ఉంటుంది. కరెంటు తగలగానే కీచుమంటుంది, ఎప్పుడూ ఒకే శ్రుతి. మీరు ఎంత చక్కని ప్రోగ్రామ్ రాసినా గరగరలు తప్ప రాగం రాదు. పాసివ్ బజర్‌కు ఆ సొంత తెలివి లేదు. సెకనుకు ఎన్నిసార్లు వోల్టేజీ ఇచ్చి తీస్తే దానిలోని పలక అన్నిసార్లు కదులుతుంది. పాటకు కావలసింది ఇది.

బజర్‌ను పరీక్షించండి

రెండు 1.5 వోల్టుల సెల్స్‌ను వరుసగా కలిపి, వాటి తీగలను బజర్ కాళ్లకు ఒక్క క్షణం తాకించండి. ఆగకుండా కూస్తే యాక్టివ్. తాకినప్పుడొకసారి, తీసినప్పుడొకసారి టక్కుమంటే పాసివ్. తాకించి అలాగే పట్టుకుని ఉండకండి, లోపలి తీగచుట్ట (కాయిల్) వేడెక్కుతుంది. అడుగున పచ్చని బోర్డు కనిపిస్తే పాసివ్, నల్లటి పూత ఉంటే యాక్టివ్ అని కొందరు గుర్తు చెబుతారు. అది అన్ని బజర్లకూ వర్తించదు కాబట్టి సెల్ పరీక్షనే నమ్మండి.

తర్వాత మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి కాళ్ల మధ్య రెసిస్టెన్స్ చూడండి. 16 లేదా 42 ఓమ్‌ల దగ్గర చూపిస్తే లోపల కాయిల్ ఉన్న అయస్కాంత రకం. అసలు కనెక్షనే లేనట్టు చూపిస్తే పీజో రకం, అంటే కాయిల్ బదులు వోల్టేజీకి వంగే పలక ఉన్నది. ఈ ఒక్క కొలత మీదే తర్వాతి వైరింగ్ అంతా ఆధారపడుతుంది.

కలపడం

కావలసినవి: మైక్రోకంట్రోలర్ బోర్డు (ఆర్డుయినో ఊనో ఆర్3 లేదా పాత నానో), పాసివ్ బజర్, 220 ఓమ్‌ల రెసిస్టర్, బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్స్ కూడా ఉంటాయి. వాటితో బోర్డు మీద లైటు వెలుగుతుంది కానీ కంప్యూటర్‌లో పోర్టు కనబడదు.

8వ పిన్ నుంచి రెసిస్టర్, రెసిస్టర్ నుంచి బజర్ ప్లస్ కాలు, బజర్ రెండో కాలు గ్రౌండ్‌కు. అంతే. 0, 1 పిన్‌ల జోలికి వెళ్లకండి. ప్రోగ్రామ్ ఎక్కేది ఆ దారిలోనే.

కాయిల్ రకానికి ఆ రెసిస్టర్ తప్పనిసరి. 16 ఓమ్‌ల కాయిల్‌ను 5 వోల్టులకు నేరుగా కలిపితే లెక్క ప్రకారం 300 మిల్లీయాంప్‌లు దాటుతుంది. ఊనోలోని చిప్ పిన్‌కు గరిష్ఠ హద్దే 40, నిశ్చింతగా వాడుకోదగ్గది 20. 220 ఓమ్‌లు పెడితే సుమారు 21కి దిగుతుంది. రెసిస్టర్ లేకుండా కూడా మోగుతుంది కదా అని వదిలేస్తే పిన్ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. పీజో రకానికి ఈ ప్రమాదం తక్కువే అయినా రెసిస్టర్ ఉన్నంత మాత్రాన శబ్దం తగ్గదు, ఉంచేయండి.

కాయిల్ బజర్ ఇలా కలిపితే చిన్నగా పలుకుతుంది. బల్ల మీద వినడానికి చాలు. గది అంతా వినిపించాలంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే ట్రాన్సిస్టర్ కావాలి. 2ఎన్2222 తీసుకుని ఎమిటర్‌ను గ్రౌండ్‌కు, బేస్‌ను 1 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా 8వ పిన్‌కు, కలెక్టర్‌ను బజర్ మైనస్‌కు కలపండి. బజర్ ప్లస్ 5 వోల్టులకు. బజర్‌కు అడ్డంగా 1ఎన్4148 డయోడ్, గీత ఉన్న వైపు 5 వోల్టుల దిక్కుకు. కాయిల్‌లో కరెంటు ఆగిన ప్రతిసారీ ఎదురు వోల్టేజీ పుడుతుంది, డయోడ్ దానికి దారి ఇస్తుంది. బీసీ547 ట్రాన్సిస్టర్ ఇక్కడ వద్దు, దాని హద్దు 100 మిల్లీయాంప్‌లే. పీజో బజర్‌ను ట్రాన్సిస్టర్‌తో నడిపితే డయోడ్ బదులు 1 కిలో ఓమ్ రెసిస్టర్ అడ్డంగా పెట్టాలి. లేకపోతే పీజోలో నిండిన చార్జ్ బయటికి పోయే దారి ఉండదు, శబ్దం పీలగా వస్తుంది.

స్వరాలకు అంకెలు

మైక్రోకంట్రోలర్‌కు స్వరమంటే ఫ్రీక్వెన్సీయే. షడ్జమాన్ని 523 హెర్ట్జ్‌ల దగ్గర పెట్టుకుంటే శంకరాభరణం స్వరాలు ఇవి:

స 523, రి 587, గ 659, మ 698, ప 784, ద 880, ని 988, పై స 1047.

ఒక్కో స్వరస్థానం పైకి వెళ్లినప్పుడల్లా 1.0595తో గుణించాలి. పన్నెండుసార్లు గుణిస్తే రెట్టింపై పై స్థాయి వస్తుంది. రాగం మార్చడమంటే ఇక్కడ అంకెలు మార్చడమే. రిషభాన్ని 554కు, ధైవతాన్ని 831కి దించండి, మాయామాళవగౌళ స్వరాలు వచ్చేస్తాయి.

షడ్జమాన్ని 262 దగ్గర పెట్టొచ్చుగా అనిపిస్తుంది. పెట్టొచ్చు, కానీ సరిగా వినబడదు. ఈ చిన్న బజర్లు 2000 నుంచి 4000 హెర్ట్జ్‌ల మధ్య ఎక్కడో ఒకచోట గట్టిగా పలికేలా తయారవుతాయి, కిందికి దిగేకొద్దీ గొంతు సన్నగిల్లుతుంది. పాట బలహీనంగా ఉంటే అన్ని అంకెలనూ రెట్టింపు చేసి చూడండి. వోల్టేజీ పెంచడం కంటే ఇదే మేలు.

ప్రోగ్రామ్ అల్లిక

ఆర్డుయినోలో టోన్ అనే ఫంక్షన్ ఉంది. పిన్ నంబరు, ఫ్రీక్వెన్సీ, ఎన్ని మిల్లీసెకన్లు అన్న మూడు విలువలు ఇస్తే చాలు. మోహన స్వరాలతో ఒక ముక్క తీసుకుందాం. మొదటి వరుస ఫ్రీక్వెన్సీలు, రెండో వరుస ఒక్కోటి ఎన్ని మాత్రలో:

659, 784, 784, 880, 784, 659, 587, 659, 587, 523, 0

2, 1, 1, 1, 1, 2, 2, 1, 1, 3, 1

మొత్తం 16 మాత్రలు. మాత్రకు 250 మిల్లీసెకన్లు ఇస్తే ముక్క సరిగ్గా 4 సెకన్లు. చివరి సున్నా విరామం.

ఈ రెంటినీ రెండు అర్రేలుగా (జాబితాలుగా) పెట్టుకుని, ఫర్ లూప్‌తో ఒక్కో స్వరానికీ ఈ పని చేయించండి. మాత్రల సంఖ్యను 250తో గుణించి నిడివి తెలుసుకోండి. ఫ్రీక్వెన్సీ సున్నా కాకపోతే టోన్‌ను పిలవండి, నిడివిలో 90 శాతం మాత్రమే ఇవ్వండి. తర్వాత డిలే అనే ఫంక్షన్‌తో పూర్తి నిడివి ఆగండి. సున్నా అయితే టోన్ పిలవకుండా డిలే మాత్రమే.

ఆ 10 శాతం ఖాళీయే పాటకు ప్రాణం. పై ముక్కలో రెండు పంచమాలు పక్కపక్కనే ఉన్నాయి. ఖాళీ లేకుంటే అవి అతుక్కుపోయి ఒకే పొడవాటి పంచమంలా వినిపిస్తాయి, తాళం చెడుతుంది. శ్రుతి కాస్త అటూ ఇటూ అయినా చెవి సర్దుకుంటుంది. కాలం తప్పితే తెలిసిన పాట కూడా పోల్చుకోలేం.

డిలే మరిచిపోవడం మరో మామూలు తప్పు. టోన్ స్వరం పూర్తయ్యేదాకా ఆగదు, మొదలుపెట్టి వెంటనే తిరిగొచ్చేస్తుంది. డిలే లేకపోతే స్వరాలన్నీ కనురెప్పపాటులో దాటిపోయి చివరిదొక్కటే వినిపిస్తుంది. పాట ఒక్కసారే రావాలంటే ఈ భాగాన్ని మొదట్లో ఒక్కసారే నడిచే సెటప్ ఫంక్షన్‌లో రాయండి. పదేపదే నడిచే లూప్ ఫంక్షన్‌లో రాస్తే తీగ పీకేదాకా మోగుతూనే ఉంటుంది, ఇంట్లోవాళ్ల సహనం మీ ఇష్టం.

నిడివులను భిన్నాల్లో రాసేవాళ్లు ఒకటి గమనించాలి. పూర్ణాంకాల లెక్కలో 3ను 8తో భాగిస్తే సున్నా, దాన్ని 1000తో గుణించినా సున్నాయే. ముందు గుణించి ఆ తర్వాత భాగించండి. నిమిషానికి ఇన్ని దెబ్బలు అన్న లెక్క కోసం 60000ను ఊనోలో ఇంట్ రకం (చిన్న పూర్ణాంకాలే పట్టే) వేరియబుల్‌లో దాస్తే అది -5536గా మారిపోతుంది. పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ రకం వాడండి.

గమకం కావాలంటే

బజర్ స్వరం మీద నిలబడటం తప్ప ఊగలేదు, కానీ మెట్లుగా జారగలదు. గాంధారం నుంచి మధ్యమానికి 659 మొదలు 698 దాకా 4 హెర్ట్జ్‌ల చొప్పున పెంచుతూ, మెట్టుకు 10 మిల్లీసెకన్లు ఆపండి. పదో వంతు సెకనులో జారు వచ్చేస్తుంది. మెట్టును 1 హెర్ట్జ్‌కు తగ్గించి లాభం లేదు. ఊనోలో టోన్‌ను నడిపే టైమర్ 8 బిట్లదే, ఈ స్థాయిలో దానికి దాదాపు మూడున్నర హెర్ట్జ్‌ల కంటే చిన్న తేడా పట్టదు.

అదే టైమర్ వల్ల మరో ఇబ్బంది: ఊనోలో టోన్ మోగుతున్నంతసేపూ 3, 11 పిన్‌ల మీద పీడబ్ల్యూఎం (పిన్‌ను వేగంగా ఆన్, ఆఫ్ చేసే పద్ధతి) సరిగా పనిచేయదు. ఎల్‌ఈడీ వెలుగు తగ్గించి పెంచే పని ఉంటే 5, 6 పిన్‌లకు మార్చండి. టోన్‌తో ఒకేసారి రెండు పిన్‌ల మీద రెండు స్వరాలు కూడా రావు.

రాస్‌బెర్రీ పై పికో అనే బోర్డులో మైక్రోపైథాన్ భాష వాడితే టోన్ బదులు పీడబ్ల్యూఎంనే నేరుగా నడపాలి. ఫ్రీక్వెన్సీ పెట్టి డ్యూటీని (పిన్ ఆన్‌లో ఉండే వాటాను) 65535లో సగం, అంటే 32768 చేస్తే స్వరం వస్తుంది, 0 చేస్తే మౌనం. విరామానికి ఫ్రీక్వెన్సీని సున్నా చేయకండి, ప్రోగ్రామ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. పికో పిన్‌లు 3.3 వోల్టులవి, ఊనో పిన్‌ల కంటే తక్కువ కరెంటు ఇస్తాయి. కాయిల్ బజర్‌ను నేరుగా కలిపేటప్పుడు 330 ఓమ్‌లు పెట్టండి, గట్టిగా కావాలంటే పైన చెప్పిన ట్రాన్సిస్టర్ సర్క్యూట్టే వాడండి.