నోటి క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఇంటికి తెచ్చుకుంటున్నారా? ముందే ఇవి చూసుకోండి

బుగ్గ లోపల గడ్డ తీయడం, దాంతోపాటు ఒక్కోసారి దవడ ఎముకలో కొంత, మెడలో గ్రంథులు కూడా తీసేసి, ఆ ఖాళీలో ఛాతీ కండో తొడ చర్మమో తెచ్చి కుట్టడం. నోటి క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ అంటే చాలామందికి జరిగేది ఇదే. డిశ్చార్జ్ రోజు మన చేతికి వచ్చేది ఒక ఫైలు, మందుల కవరు, ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే గొట్టం, అంటే రైల్స్ ట్యూబుతో ఉన్న మనిషి. వార్డులో నర్సులు చేసిన పనంతా ఆ సాయంత్రం నుంచి ఇంట్లోవాళ్ల మీదే పడుతుంది.

కాబట్టి డిశ్చార్జ్ అనగానే క్యాబ్ బుక్ చేసేయకండి. ట్యూబులో ఫీడ్ (పలచటి ఆహారం) ఎలా పోయాలో నర్సమ్మ చూస్తుండగా మీ చేత్తో పోసి చూపించండి, తప్పుంటే అక్కడే చెప్తుంది. ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోవాలి, ఎందుకంటే ఒకరే నేర్చుకుంటే ఆ ఒక్కరికి నిద్ర ఉండదు, జ్వరం వస్తే ఇంకొకరికి చేతకాదు. రాత్రిపూట ఏ నంబరుకి ఫోన్ చేయాలో కూడా ఫైలు మీద రాయించుకోండి.

ఇంట్లో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు తొందరగా, ఎక్కువగా పెట్టేయాలన్న ఆరాటంలోంచే వస్తాయి. మనిషి చిక్కిపోయాడని జాలిపడి సిరంజి ప్లంజర్ (లోపల నెట్టే కాడ) పెట్టి నెట్టేస్తారు. అలా వద్దు. ముక్కు దగ్గర ట్యూబు మీద పెన్నుతో గీసిన గుర్తు ఉంటుంది, లేకపోతే ఆసుపత్రిలోనే గీయించుకోండి. ప్రతిసారీ ముందు ఆ గుర్తు చూడాలి. ట్యూబు బయటికి జారినట్టు అనిపిస్తే చుక్క కూడా పోయకూడదు. గుర్తు సరిగ్గా ఉంటే వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, సిరంజిలోంచి ప్లంజర్ తీసేసి దాన్ని గరాటులా పైకి పట్టుకుని పోస్తే ఫీడ్ దానంతట అదే దిగుతుంది. వేగం పెరిగితే సిరంజి కిందికి దించాలి, ఆగితే కాస్త పైకెత్తాలి. ముందూ తర్వాతా కొంచెం కాచి చల్లార్చిన నీళ్లు పోయకపోతే ట్యూబు మూసుకుపోతుంది. అయ్యాక కనీసం అరగంట కూర్చునే ఉండాలి, తిన్నాక కాసేపు నడుం వాల్చడం ఎంత అలవాటైనా సరే. మధ్యలో దగ్గు వచ్చినా, పొలమారినట్టున్నా, ఆయాసం వచ్చినా వెంటనే ఆపేయండి. ట్యూబు ఊడిపోతే ఇంట్లో తిరిగి దూర్చే ప్రయత్నం అస్సలు వద్దు.

ఒక్కో ఫీడ్ ఎంత, ఎన్ని గంటలకొకసారి అన్నది డైటీషియన్ కాగితం ప్రకారమే. రాగిజావ, పెసరపప్పు కట్టు, పాలు, డాక్టర్ రాసిన ప్రొటీన్ పౌడర్, ఏదైనా మిక్సీ పట్టి, టీ జాలి కన్నా సన్నటి దాంట్లో వడకట్టి, గోరువెచ్చగా ఇవ్వాలి. మన ఎండాకాలంలో రెండు గంటలు బయట ఉన్న ఫీడ్ పారబోయండి, కక్కుర్తి పడొద్దు. మాత్రలన్నీ నూరకూడదు, కొన్ని నూరితే పాడవుతాయి, వాటికి సిరప్ ఉందేమో అడగండి.

ఇక పత్యం. మన ఇళ్లలో పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని పెద్దవాళ్లు గట్టిగా నమ్ముతారు. పెద్దమ్మో అత్తయ్యో ఊరి నుంచి వచ్చి వంటింట్లో కూర్చుంటే కాదనడం కష్టమే. కానీ కుట్లు మానాలంటే ప్రొటీన్ కావాలి, పప్పూ గుడ్డూ పాలూ ఆపేసి ఉత్తి గంజి మీద ఉంచితే గాయం మానడమే ఆలస్యమవుతుంది. వాళ్లతో వాదించే బదులు తర్వాతి చెకప్‌కి వెంట తీసుకెళ్లి డాక్టర్ చేతే చెప్పించండి, పని సులువుగా అవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం ఫీడ్‌లో బెల్లం, పంచదార సొంతంగా కలపొద్దు.

నోటితో తినొచ్చని డాక్టర్ చెప్పేదాకా చెంచాడు చాయ్ కూడా వద్దు. చెప్పాక కూడా పలచటివీ మెత్తటివీ ఏ వరుసలో మొదలుపెట్టాలో వాళ్లే చెప్తారు. రంజాన్ నెలలో హలీం మెత్తగానే ఉంటుంది కదా అని ఆశపడేవాళ్లున్నారు, ఆ మసాలా, ఆ వేడి పచ్చి కుట్ల మీద పడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. స్ట్రా వద్దు. చెప్పిన మందుతో నోరు శుభ్రం చేసుకోవడం మాత్రం ఒక్కపూట కూడా మానొద్దు, గట్టిగా పుక్కిలించకుండా నెమ్మదిగా తిప్పి ఉమ్మితే చాలు.

రోజూ వెలుతురులో టార్చి పట్టి అతికించిన చోటు చూడండి. నీలంగానో నల్లగానో తెల్లగా పాలిపోయో కనిపిస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి, పొద్దున చూద్దాం అనుకోవద్దు. మెడ వాచి ఊపిరి ఆడకపోయినా, మెడ నుంచి కానీ నోట్లోంచి కానీ ఎర్రటి రక్తం ఆగకుండా వస్తున్నా 108కి కాల్ చేయండి. మెడ మీది గాయం నుంచైతే అంబులెన్స్ వచ్చేదాకా శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకోవాలి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, కుట్ల దగ్గర చీము వాసన వచ్చినా అదే రోజు చూపించాలి.

చూడటానికి వచ్చే చుట్టాలని మొదట్లో ఫోన్‌లోనే ఆపండి. మాట ముద్దగా వస్తుంది, చొంగ కారుతుంది, ఆ స్థితిలో పదిమంది ముందు కూర్చోవడం ఎవరికైనా నరకమే. మా బంధువొకాయన వాట్సాప్‌లో టైపు చేసి వంటింట్లో ఉన్న భార్యకి పంపేవాడు, ఆవిడ అక్కడి నుంచే కేకేసి జవాబు చెప్పేది. మీ ఇంట్లో పలకైనా, ఫోనైనా ఏదో ఒకటి చేతికి అందేలా పెట్టండి. పేషెంట్ చెప్పబోయే మాటని మీరు పూర్తి చేసేయకండి.

ఖైనీ, గుట్కా, జర్దా, సిగరెట్ సంగతి చెప్పక్కర్లేదు కానీ ఇంట్లో ఇంకెవరికైనా అలవాటుంటే వాళ్లూ పేషెంట్ ఎదుట తీయకూడదు. జేబులో పొట్లం కనబడితే మనసు లాగుతుంది.

నోరు తెరిచే ఎక్సర్‌సైజులు, మెడలో గ్రంథులు తీస్తే భుజం ఎక్సర్‌సైజులు ఎప్పుడు మొదలుపెట్టాలో అడిగి, చెప్పిన రోజు నుంచే చేయించండి. నొప్పని వదిలేస్తే నోరు బిగుసుకుపోతుంది, తర్వాత నోట్లో మూడు వేళ్లు పట్టడం కూడా కష్టమే.

జిల్లాల నుంచి వచ్చి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట చేయించుకున్నవాళ్లు డిశ్చార్జ్ అవ్వగానే ఊరెళ్లిపోవాలనుకుంటారు. కుట్లు తీసేదాకా సిటీలోనే ఏ చుట్టాలింట్లోనో ఉంటే మేలు. బయాప్సీ రిపోర్టు చూసి రేడియేషన్ అవసరమంటే, సాధారణంగా ఆపరేషన్ అయిన 6 వారాల్లోపు మొదలుపెట్టాలంటారు. దానికి ముందు పళ్లు చూపించుకోవాలి, పాడైన పన్ను తీయాల్సి వస్తే ఆ గాయం మానడానికీ టైం కావాలి. ఊరి ప్రయాణం, పండగ, గృహప్రవేశం ఏదైనా ఆ తేదీ తెలిశాకే పెట్టుకోండి.