పొలం అమ్మకుండా, ఇళ్లు కట్టే హక్కు మాత్రమే అమ్మించడం ఎలా?

టీడీఆర్ (బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కులు) అనగానే మన దగ్గర అందరికీ గుర్తొచ్చేది రోడ్డు వెడల్పులో పోయిన ఇంటి ముందు భాగం, దానికి బదులుగా మున్సిపాలిటీ చేతిలో పెట్టే బాండు. అదే పద్ధతితో ఊరి చుట్టూ ఉన్న పొలాలను కాపాడుకోవచ్చు. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని మోంట్‌గోమరీ కౌంటీ 1980 నుంచి ఆ పని చేస్తోంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, ఇది రాజధాని వాషింగ్టన్‌కు ఆనుకుని ఉంది. జర్మన్‌టౌన్, క్లార్క్స్‌బర్గ్ వైపు మన తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. పిల్లల్ని ఆపిల్ పండ్లు కోసుకోవడానికి, గుమ్మడికాయలు తెచ్చుకోవడానికి కారులో పావుగంట దూరంలోని తోటలకు తీసుకెళ్తారు. రాజధాని పక్కనే ఆ తోటలు ఇంకా ఎందుకున్నాయని మాత్రం ఎవరూ అడగరు.

ఈ పథకాల కాగితాలు రాయడం, ఇతరులు రాసినవి సరిదిద్దడం నా ఉద్యోగం. సరిదిద్దడమే ఎక్కువ. పథకం పెట్టాలనుకునే స్థానిక సంస్థలు దాదాపు అన్నీ ఒకేచోట బోల్తా పడతాయి. అందుకే మిగతావి గబగబా చెప్పేసి, ఆ ఒక్కచోట ఆగుతాను.

ముందుగా అసలు సంగతి. పొలం ఉన్న రైతుకు దాన్ని సాగు చేసుకునే హక్కు, అమ్ముకునే హక్కు, పిల్లలకు రాసిచ్చే హక్కు ఉంటాయి. అందులో ఇన్ని ఇళ్లు కట్టుకోవచ్చనే హక్కు కూడా ఉంటుంది. ఈ చివరిదాన్ని మిగతావాటి నుంచి విడదీసి, పట్నంలో ఎక్కువ ఇళ్లు కట్టాలనుకునే బిల్డర్‌కు అమ్మిస్తాం. డబ్బు రైతుకు వస్తుంది. పొలం రైతు పేరు మీదే, పొలంగానే ఉంటుంది. బిల్డర్ అదనపు ఇళ్లు కట్టుకుంటాడు. ఖజానా నుంచి పైసా కదలదు.

కావాల్సినవి

సర్వే మ్యాపు, జోనింగ్ మ్యాపు (ఏ స్థలంలో ఏం, ఎంత కట్టొచ్చో చట్టప్రకారం చెప్పేది), భూమి పన్ను రికార్డులు, జోనింగ్ చట్టం తెలిసిన ఒక లాయరు, ఊళ్లో నిజంగా పని చేస్తున్న బిల్డర్ల ఫోన్ నంబర్లు. మ్యాపు కాగితం మీదే ఉండాలి, బల్లంత పెద్దది. స్క్రీన్ మీద చూపిస్తే రైతు తన పొలం వరకే చూసి వెళ్లిపోతాడు. కాగితం పరిస్తే పక్కవాడి పొలం కూడా చూస్తాడు, అప్పుడే మాట మొదలవుతుంది.

మొదటి మెట్టు: పొలాల చుట్టూ గీత

ఇది తేలిక. మంచి నేల, పెద్ద కమతాలు, ఇంకా లేఅవుట్లు పడని చోటు చూసి ఒకటే పెద్ద గీత గీయండి. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క వద్దు. చుట్టూ ఇళ్లు వచ్చేస్తే మధ్యలో మిగిలిన నలభై ఎకరాల్లో ట్రాక్టర్ రోడ్డెక్కినా గొడవే, ఎరువు వాసన వచ్చినా గొడవే. మోంట్‌గోమరీలో గీసిన గీత లోపల సుమారు 93 వేల ఎకరాలు పడ్డాయి, కౌంటీలో దాదాపు మూడో వంతు.

రెండో మెట్టు: కోత, లెక్క

గీత లోపల ఎన్ని ఇళ్లు కట్టవచ్చన్న పరిమితిని తగ్గించాలి. మోంట్‌గోమరీలో అంతకుముందు 5 ఎకరాలకు ఒక ఇల్లు కట్టుకోవచ్చు. దాన్ని 25 ఎకరాలకు ఒక ఇంటికి తగ్గించారు. కానీ అమ్ముకునే హక్కులను మాత్రం పాత లెక్కనే, అంటే 5 ఎకరాలకు ఒకటి చొప్పున ఇచ్చారు.

వంద ఎకరాల రైతును తీసుకోండి. ఆయనకు 20 హక్కులు. ఇప్పటికే ఒక ఇల్లు ఉంటే ఒకటి పోయి 19. కొత్త పరిమితి ప్రకారం ఆ వంద ఎకరాల్లో మొత్తం నాలుగు ఇళ్లు ఉండొచ్చు కాబట్టి, రేపు పిల్లలకు ఇంకో మూడు ఇళ్లు కావాలనుకుంటే మూడు హక్కులు పొలంతోనే అట్టిపెట్టుకోవాలి. మిగిలిన 16 అమ్ముకోవచ్చు. డబ్బు అవసరమై ఆ మూడు కూడా అమ్మేస్తే ఇక కొత్త ఇంటికి దారి లేదు. ఈ సంగతి రైతుకు అమ్మకం రోజున కాదు, మొదటి మీటింగులోనే చెప్పండి. పక్కన ఆయన భార్య, పిల్లలు కూడా ఉండగా చెప్పండి.

కోత, హక్కులు రెండూ ఒకే తీర్మానంలో రావాలి. ముందు ఆంక్ష పెట్టేద్దాం, పరిహారం సంగతి తర్వాత చూద్దాం అనే ఆఫీసులకు నేను పని చేయను. మన దగ్గర జీవో 111 చూడండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996లో 84 గ్రామాల మీద ఆంక్షలు పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ గీతకు అవతలివాడి ఎకరం ధర ఆకాశానికి పోతుంటే, ఇవతలివాడి చేతిలో అమ్ముకోవడానికి ఒక్క హక్కు కూడా పెట్టలేదు. పాతికేళ్ల పాటు ఆ ఊళ్లు దాన్ని ఎత్తేయమని అడుగుతూనే ఉన్నాయి, 2022లో ఎత్తేస్తూ జీవో వచ్చింది. చేతిలో ఏదో ఒకటి పడ్డ రైతు అంత పట్టుగా ఎదురు తిరగడు.

మూడో మెట్టు: హక్కులు ఎక్కడ దిగాలి?

ఇక్కడే పథకాలు చచ్చిపోతాయి. చాలామంది పొలాల మ్యాపుకు రంగులేసి, కరపత్రం అచ్చేసి, ఫొటోలు దిగి, హక్కులు ఎక్కడ వాడాలన్నది ‘తదుపరి నిర్ణయిస్తాం’ అని రాసేస్తారు. కొనేవాడు లేని హక్కు కాగితం ముక్క. అందుకే నా పద్ధతిలో పొలాల గీత ఆమోదానికి వెళ్లే ముందే, హక్కులు దిగే ప్రాంతాలు ఖాయమై ఉండాలి. రెండూ ఒకే రోజు ఓటుకు రావాలి.

మొదట చూడాల్సింది, అక్కడ బిల్డర్‌కు నిజంగా అదనపు ఇళ్లు కావాలా అన్నది. ఇది ఆఫీసులో కూర్చుని తేలదు. ఆ బిల్డర్ల నంబర్లు అందుకే. ‘ఇక్కడ ఎకరానికి రెండు ఇళ్ల బదులు నాలుగు కట్టుకోనిస్తే, ఆ అదనపు ఒక్కో ఇంటికి ఎంత పెట్టి హక్కు కొంటావు?’ అని సూటిగా అడగండి. అతను చెప్పిన ధరకూ, రైతు అడిగే ధరకూ పొంతన లేకపోతే ఆ చోటు పనికిరాదు. బస్సు, మెట్రో స్టేషన్ల చుట్టుపక్కల సాధారణంగా పొంతన కుదురుతుంది. ఊరికి దూరంగా, పెద్ద ఇంటి కోసమే జనం వెళ్లే చోట కుదరదు.

రెండోది, హక్కు కొనకుండా కట్టుకోగలిగేది తక్కువగా ఉండాలి. బిల్డర్‌కు కావాల్సిందంతా ఉచితంగా ఇచ్చేసి, ఆపైన హక్కులు కొనమంటే ఎవరు కొంటారు? హైదరాబాద్‌లో 2006లో ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, తీసేశారు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) సరిపోతే ఎంత ఎత్తుకైనా వెళ్లొచ్చు. రోడ్డుకు స్థలం ఇచ్చినవాళ్లకు టీడీఆర్ శాతం పెంచుకుంటూ పోయారు కానీ, శాతం పెంచితే హక్కులు పెరుగుతాయి, కొనేవాళ్లు పెరగరు. పైగా అక్రమంగా వేసిన అంతస్తును జరిమానా కట్టి క్రమబద్ధీకరించుకునే స్కీము ఏ కొన్నేళ్లకో వస్తుందని ప్రతి బిల్డర్‌కూ తెలుసు. ఆ దారి తెరిచి ఉన్నంతకాలం టీడీఆర్ పథకం జోలికి వెళ్లొద్దు. నేను మొహమాటం లేకుండా ఇదే చెబుతాను, ఆ ఆఫీసు నన్ను మళ్లీ పిలవదు.

మూడోది లెక్క. గీత లోపల వంద హక్కులుంటే, వాటిని వాడుకునే చోట్లు రెండు వందలు ఉండాలి. వందకు వంద పెడితే సరిపోదా అంటారు. సరిపోదు. కొన్ని స్థలాల యజమానులు అసలు కట్టరు, కొందరు హక్కు లేకుండానే చిన్నగా కట్టేసుకుంటారు, కొన్నిచోట్ల వాగో బండో అడ్డమొస్తుంది. చోట్లు తక్కువైతే రైతులంతా ఒకే బిల్డర్ గుమ్మం ముందు నిలబడాలి, ధర పడిపోతుంది. మోంట్‌గోమరీలో ఇంకో కట్టుబాటు ఉంది. హక్కులు వాడుకుంటానన్న బిల్డర్, ఆ స్థలంలో వాడుకోగల హక్కుల్లో కనీసం మూడింట రెండు వంతులు వాడాలి. నాలుగు ఇళ్లు పెంచుకుని మంచి చోటును వృథా చేయడానికి వీల్లేదు.

నాలుగోది చట్టం. దీన్ని దాటేసి మోంట్‌గోమరీయే దెబ్బతింది. హక్కులు దిగే చోట ఎన్ని ఇళ్లు అదనంగా కట్టొచ్చన్నది మొదట్లో మాస్టర్ ప్లాన్‌లో రాశారు, జోనింగ్‌లో రాయలేదు. స్థానికుల సంఘం కోర్టుకెళ్లింది. ఇళ్ల సాంద్రత నిర్ణయించాల్సింది జోనింగ్ ద్వారానే అని 1987లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ పద్ధతిని కొట్టేసింది. కౌంటీ మళ్లీ జోనింగ్ చట్టం సవరించుకుని, మ్యాపులు మార్చుకోవాల్సి వచ్చింది. కాబట్టి లాయరుకిచ్చే ఫీజు ఇక్కడ ఖర్చు పెట్టండి, కరపత్రం మీద కాదు.

ఐదోది అక్కడి జనం. పొలాలు కాపాడతామంటే చప్పట్లు కొట్టే మనిషే, ఆ ఇళ్లు తన వీధి చివర వస్తాయంటే మైకు లాక్కుంటాడు. తప్పేం లేదు, నీళ్లు, డ్రైనేజీ, స్కూలు సీట్లు పంచుకోవాల్సింది అతనే. ముంబైలో 1991 నియమాలతో టీడీఆర్ వచ్చాక, దక్షిణాన పుట్టిన హక్కులు ఉత్తరాన శివార్లలో దిగాయి. భారమంతా ఆ శివార్ల రోడ్ల మీద పడింది. పైపులైను సామర్థ్యం, స్కూలు లెక్క చేతిలో పెట్టుకుని ఆ వీధి మీటింగుకు వెళ్లండి. అదీ వారం మధ్యలో, సాయంత్రం ఏడు తర్వాత. శనివారం పెడితే ఖాళీగా ఉండేవాళ్లే వస్తారు.

ఈ గొడవకు భయపడి, హక్కులను పల్లెల్లో కూడా దిగనిద్దాం అనే తెలివి కొందరికి పుడుతుంది. మోంట్‌గోమరీ కంటే ముందే 1978లో పథకం పెట్టిన, అదే రాష్ట్రంలోని కాల్వర్ట్ కౌంటీలో పట్టణాల్లోనే కాకుండా గ్రామీణ ప్రాంతంలోనూ వాడుకోనిచ్చారు. కొనేవాళ్లు దొరికారు, పొలాలూ మిగిలాయి. కానీ పల్లె మధ్యలో కొత్త కాలనీలూ వచ్చాయి. దాన్ని విజయమనేవాళ్లున్నారు. నేను అనను.

ఇంత తంటా ఎందుకు, ప్రభుత్వమే కొనేయొచ్చు కదా?

ప్రతి మీటింగులో వచ్చే ప్రశ్న. కొనొచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలోని సఫోక్ కౌంటీ 1974లోనే ప్రజల డబ్బుతో రైతుల హక్కులు కొనే చట్టం చేసింది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో కౌంటీ బోర్డు, అక్కడి ట్రస్టు కలిసి లక్ష ఎకరాలకు పైగా కాపాడాయి. బాగానే ఉంది, కానీ బడ్జెట్ అయిపోయిన ఏడాది పని ఆగిపోతుంది, రైతు వరుసలో నిలబడతాడు. మోంట్‌గోమరీలో టీడీఆర్ కింద 50 వేల ఎకరాలకు పైగా శాశ్వత ఒప్పందంలోకి వచ్చాయి, హక్కుల ధర కట్టింది బిల్డర్లు. నా ఓటు ఎప్పుడూ దీనికే. రెండూ కలిపి నడపొచ్చు కదా అని మోంట్‌గోమరీ వాళ్లే అంటారు, నడుపుతున్నారు కూడా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఒకటి కుదిరాక రెండోది చూడండి.

నాలుగో మెట్టు: అమ్మకం, రిజిస్ట్రేషన్

రైతు, బిల్డర్ ధర మాట్లాడుకుంటారు. ప్రభుత్వం ధర చెప్పకూడదు, కాగితం మీద రూపాయి విలువ అచ్చేయకూడదు. ప్రతి హక్కుకూ ఒక సీరియల్ నంబర్ ఇవ్వండి. ఆ నంబర్లతో బదిలీ దస్తావేజు, దానితోపాటే ఇక ఈ పొలంలో ఇన్ని ఇళ్లకు మించి కట్టం అనే శాశ్వత ఒప్పందం రిజిస్టర్ కావాలి. ఈ ఒప్పందం భూమిని అంటిపెట్టుకుని ఉంటుంది. పొలం ఎవరు కొన్నా, ఎవరికి వారసత్వంగా వచ్చినా వాళ్లకూ వర్తిస్తుంది.

పొలం మీద బ్యాంకు అప్పుంటే బ్యాంకు సంతకం కూడా తీసుకోండి. ఇది మరిచిపోతే, రేపు అప్పు తీరక వేలం వచ్చినప్పుడు ఆ ఒప్పందం నిలబడకపోవచ్చు. బిల్డర్ తన లేఅవుట్ ఆమోదానికి తెచ్చినప్పుడు ఆ పటం మీదే హక్కుల నంబర్లు రాయించి, అవి వాడేసినట్టు రికార్డు చేయండి. లేకపోతే ఒకే హక్కు రెండు చోట్ల తేలుతుంది.

హక్కుల బ్యాంకు కావాలా?

కొనేవాళ్లు లేనప్పుడు రైతుల హక్కులు తానే కొని, తర్వాత బిల్డర్లకు అమ్మే సంస్థ అది. మొదటి రోజే వద్దు. మోంట్‌గోమరీలో కొనేవాళ్లు లేకపోతే ఎలా అని అలాంటిదొకటి పెట్టారు, అవసరం పడక తర్వాత మూసేశారు. న్యూజెర్సీలోని పైన్‌లాండ్స్ అనే రక్షిత ప్రాంతం వాళ్లు 1985లో, సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ వాళ్లు 1999లో బ్యాంకులు పెట్టుకున్నారు, అక్కడ పనికొచ్చాయి. వాళ్ల బేరాలు పెద్దవి. మూడో మెట్టు సరిగ్గా వేసిన చిన్న ఊరికి బ్యాంకు అక్కర్లేదు.

తర్వాత

ఏ పొలంలో ఎన్ని హక్కులు మిగిలాయి, ఏ నంబరు ఎక్కడ దిగింది అన్న రిజిస్టర్‌ను ఒక్కరి బాధ్యత కింద పెట్టి, ఎవరైనా చూసుకునేలా తెరిచి ఉంచండి. రైతు అట్టిపెట్టుకున్న ఆ మూడు హక్కులను వదిలేయకండి, పిల్లలు పట్నానికి వెళ్లిపోయాక అవే ఎకరాలకొద్దీ స్థలంలో కట్టే ఎస్టేట్ ఇళ్లుగా మారతాయి. వాటిని కూడా కొని రద్దు చేయడానికి మోంట్‌గోమరీ 2008లో ఇంకో పథకం పెట్టాల్సి వచ్చింది. పట్నంలో కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చిన వారంలోనే రిజిస్టర్ తీసి, ఇంకా ఖాళీగా ఉన్న చోట్లు లెక్కపెట్టండి. మిగిలిన హక్కులకు రెట్టింపు కంటే తగ్గితే, ఆ ముసాయిదా ఆమోదం పొందకముందే అందులో కొత్త చోట్లు గుర్తు పెట్టించి, వాటికి సరిపడా జోనింగ్ సవరణ కూడా అదే సమావేశం ఎజెండాలో పెట్టించండి.