నవల నుంచి తెరకు – ఐదో పాఠం: దారులన్నీ మూసుకుపోయినవాడు దుర్మార్గుడేనా?

గత పాఠం అభ్యాసాలు చదివాను. నవలలో పేజీలకు పేజీలు లోలోపల కుమిలిపోయే మనిషిని, ఒక్క స్వగతం కూడా లేకుండా తెర మీదికి తెమ్మన్నాను కదా. చాలామంది బాగానే తెచ్చారు. పెద్దపల్లి నుంచి ఒక పాఠకురాలు తన ప్రతితో పాటు ఒక ప్రశ్న కూడా పంపారు: "మూలంలోని సంఘటన ఒక్కటి కూడా మార్చలేదు. మాటలూ దాదాపు అవే. చదివినప్పుడు జాలేసిన మనిషి నా స్క్రిప్టులో పచ్చి దుర్మార్గుడిలా ఉన్నాడు. ఎక్కడ చెడింది?"

ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు జవాబే.

గత్యంతరం లేక చేసిన పని మనిషిని దుర్మార్గుణ్ణి చేస్తుందా అన్న ప్రశ్నకు నవలలో ఒక జవాబు, దాని అనుసరణలో ఇంకో జవాబు రావచ్చు. పని అదే. ఆ పని జరిగే క్షణానికి ప్రేక్షకుడికి ఏమేమి తెలుసు అన్నది మాత్రం మారుతుంది. నవలాకారుడు పాత్ర తలలో కూర్చుని మాట్లాడగలడు. తెర మీద కత్తి పట్టిన చేయి కనిపిస్తుంది గానీ, ఆ చేయి కత్తి దాకా రావడానికి ముందు గడిచిన నిద్రలేని రాత్రులు వాటంతటవే కనిపించవు.

ఫాంటసీలో ఈ చిక్కు రెట్టింపు. మామూలు కథలో అప్పులవాళ్లు గుమ్మం ముందు నిలబడితే చాలు, ఒత్తిడి ఎంతో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. శాపం బరువెంతో, మంత్రపుటుంగరం లాగుడు ఎంతో అతని అనుభవంలో లేదు. మనం తూచి చూపించకపోతే ఆ పాత్ర పిచ్చివాడిగానో క్రూరుడిగానో మిగిలిపోతుంది.

తండ్రి ఒక వైపు, కొడుకు ఒక వైపు

దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్". నవల 1954, 55ల్లో వచ్చింది. మూడు సినిమాలు 2001 నుంచి 2003 వరకు వచ్చాయి. అందులో గోండోర్ రాజ్యం శత్రువు గుమ్మం ముందే ఉంటుంది. దాన్ని పాలించే డెనెథార్, అతని పెద్ద కొడుకు బోరోమిర్ ఇద్దరూ నిస్పృహలో తప్పు చేస్తారు. కొడుకు తోటి ప్రయాణికుడి దగ్గరున్న ఉంగరాన్ని బలవంతంగా లాక్కోబోతాడు. తండ్రి యుద్ధం మధ్యలో ఆశ వదిలేసి, బతికున్న చిన్న కొడుకుతో సహా చితి ఎక్కబోతాడు.

నవలలో బోరోమిర్ చివరి పోరాటం మన కళ్ల ముందు జరగదు. రెండో సంపుటం మొదట్లో, బాణాలు దిగి చెట్టుకు ఆనుకుని ఉన్నవాడిని సహచరుడు ఆరగోర్న్ చూస్తాడు; చేసిన తప్పు ఒప్పుకుని బోరోమిర్ కన్నుమూస్తాడు. సినిమా ఆ ఘట్టాన్ని మొదటి భాగం చివరికి జరిపి, పిల్లల్లాంటి ఇద్దరు సహచరుల కోసం అతను బాణం మీద బాణం తింటూ పోరాడటం చూపించింది. రెండో సినిమా పొడిగించిన ప్రతిలో తండ్రి అతని మీద పెట్టిన ఒత్తిడిని కూడా ఒక దృశ్యంలో చేర్చారు. కొడుకుకు తెర మేలు చేసింది.

తండ్రికి చేసిన అన్యాయం చూడండి. నవలలో డెనెథార్ దగ్గర దూరాన్ని చూపే రాయి ఒకటుంది. దానిలోకి చూసీ చూసీ, శత్రువు ఏరి చూపించిన దృశ్యాలతో అతను క్రుంగిపోతాడు. తెర మీద ఆ రాయి అతని చేతిలో కనిపించదు. ఒక మాటలో సూచించి వదిలేశారు. పైగా నవలలో సాయం కోరే అగ్నిసంకేతాలు ముందే వెలిగి ఉంటాయి. సినిమాలో అతను వెలిగించడానికి ఒప్పుకోడు, బోరోమిర్ కాపాడబోయిన ఆ ఇద్దరిలో ఒకడైన పిప్పిన్ దొంగతనంగా ఎక్కి వెలిగించాల్సి వస్తుంది. చిన్న కొడుకును చావుకు పంపి, చిన్న టమాటాలు కొరుకుతూ కూర్చున్న దృశ్యంతో అతని పని పూర్తయింది. ఆ రసం గడ్డం మీదికి కారడం ఒక్కటే చాలు, ఇక ఏ వివరణా అతణ్ణి కాపాడలేదు. ఆ దృశ్యం రాసినవాళ్ల నైపుణ్యాన్ని మెచ్చుకుంటూనే, డెనెథార్ పక్షాన నాకు ఇప్పటికీ కోపమే.

గమనించండి: కారణం తీసేశారు, అవకాశం చేర్చారు. నిస్పృహ కలిగించిన రాయి పోయింది. వెలిగించగల దీపం వెలిగించనన్న మొండితనం వచ్చింది. నిస్సహాయుడు నిరంకుశుడిగా మారడానికి ఈ రెండూ చాలు.

తెరిచి ఉంచిన తలుపు

పెద్దపల్లి ప్రశ్నకు అసలు కీలకం ఇక్కడే ఉంది. పాత్ర ఘోరమైన పని చేసే ముందు మిగతా దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోవడం ప్రేక్షకుడు చూడాలి. చూడకపోతే అతను ఇంట్లో కూర్చునే "ఇలా చేసి ఉండవచ్చు కదా" అంటాడు. ఆ మాట వచ్చిందంటే పాత్ర మీద తీర్పు అయిపోయినట్టే.

"గేమ్ ఆఫ్ థ్రోన్స్" ధారావాహికలో సింహాసనం కోసం పోరాడే స్టానిస్ సంగతి తీసుకోండి. 2015లో వచ్చిన ఐదో సీజన్‌లో, మంచులో చిక్కుకున్న సైన్యాన్ని నడిపించడానికి అతను కన్న కూతురిని మంటలకు ఆహుతి ఇస్తాడు. అప్పటికి అచ్చయిన నవలల్లో అది జరగలేదు. అక్కడ ఆ పిల్ల తండ్రి దగ్గర లేనే లేదు, దూరంగా ఉత్తరపు గోడ దగ్గర ఉంది. రచయితలు బలికి ముందు కొంత సిద్ధం చేశారు. పిల్లకు జబ్బు చేస్తే ఆమెను దూరంగా పంపెయ్యమన్న వాళ్ల మాట వినకుండా ఎందరో వైద్యులను పిలిపించానని స్టానిస్ చెప్పే దృశ్యం ఎంత ఆర్ద్రంగా ఉంటుందో! తర్వాత శత్రువులు రాత్రికి రాత్రి తిండిగింజలు తగలబెట్టారు.

అయినా చాలామంది ప్రేక్షకులు అతణ్ణి క్షమించలేదు. నా లెక్కలో కారణం ఇది: బలికి కాస్త ముందు, నమ్మకస్తుడైన దావోస్ "పిల్లనైనా నాతో పంపండి" అని అడుగుతాడు. స్టానిస్ ఒప్పుకోడు. వెనక్కి మళ్లి చలికాలం గడపడమూ అతనికి ఇష్టం లేదు. అంటే రెండు తలుపులు తెరిచే ఉన్నాయి, వాటిని తన చేత్తో వేశాడు. రచయితలు అతణ్ణి దోషిగా చూపాలనుకుని ఉంటే గురి సరిగ్గా తగిలింది. నిస్సహాయుడిగా చూపాలనుకుని ఉంటే మాత్రం దావోస్ అడిగిన ఆ ఒక్క మాటే వాళ్ల శ్రమంతా నీటిపాలు చేసింది. మీ స్క్రిప్టులో ఏ తలుపు తెరిచి ఉందో మీకు తెలిసి ఉండాలి. తెలియకుండా తెరిచి ఉండకూడదు.

ఇది పడమటి నుంచి వచ్చిన కొత్త విద్య అనుకోకండి. 13వ శతాబ్దపు రంగనాథ రామాయణంలో మంథర కోపానికి ఒక కారణం చేర్చారు: బాలరాముడు ఆడుకుంటుంటే ఆమె బంతిని దూరంగా విసిరేసింది, అతను కోపంతో కర్రతో కొట్టి ఆమె మోకాలు విరగ్గొట్టాడు. వాల్మీకిలో లేని ఘట్టం. మంథర మంచిదైపోలేదు గానీ, ఆమె విషానికి ఒక ఊట దొరికింది. అనుసరణ చేయగలిగిన పని అంతే, చేయవలసిందీ అంతే.

పని చేస్తూ నేర్చుకుందాం

ఈ పాఠం కోసం నేను అల్లిన చిన్న ఫాంటసీ కథ ఇది. కాకతీయుల నాటి పెద్ద చెరువులాంటి ఒక చెరువు. దానికి ఒక నీరటి, అంటే చెరువు నీళ్లను చూసుకునేవాడు, పేరు మల్లయ్య. ప్రతి వానాకాలం నీరటి తన జ్ఞాపకం ఒకటి చెరువుకు చెల్లిస్తేనే కట్ట నిలుస్తుంది. మల్లయ్య ఏళ్ల తరబడి చెల్లించాడు. ఈ ఏడు అతని దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. కట్ట కింద ఊరుంది. ఆ రాత్రి నిద్రపోతున్న కూతురి నుంచి, చనిపోయిన తల్లి జ్ఞాపకాన్ని తీసి చెరువుకిస్తాడు.

చాలామంది రాసే మొదటి ప్రతి ఇలా ఉంటుంది:

రాత్రి. వాన. మల్లయ్య కూతురి నుదుటి మీద చేయి పెడతాడు. మత్తడి (చెరువు అలుగు) హోరు తగ్గుతుంది. తెల్లవారింది. కూతురు దండెం మీది చీర పట్టుకుని, "నాయినా, ఈ చీర ఎవరిది?" మల్లయ్య తల తిప్పుకుంటాడు.

బాగుంది, క్లుప్తంగా ఉంది. కానీ ఇక్కడ మల్లయ్య పిల్ల దగ్గర దొంగతనం చేసినవాడు, అంతే. ఇప్పుడు వెనక్కి వెళ్లి బాగు చేద్దాం.

ముందు, అతని దగ్గర ఏమీ మిగల్లేదని చూపాలి. చెప్పించకండి. పెళ్లి పందిట్లో ముత్తైదువలు "మీ అమ్మ పేరేమిటి మల్లయ్యా?" అని అడుగుతారు. అతను నవ్వుతూ కూతురి వైపు చూస్తాడు, ఆమె చెబుతుంది. అప్పటికి ఇది సరదా దృశ్యంలా ఉండాలి. చేదు తర్వాత తెలియాలి.

రెండోది, నియమం. చెరువు నీరటి రక్తం నుంచే జ్ఞాపకం తీసుకుంటుందా, ఎవరి నుంచైనా తీసుకుంటుందా? ఫాంటసీలో నియమాన్ని అవసరం పడ్డ క్షణంలో చెబితే అది సాకులా వినిపిస్తుంది. ఎవరికీ దానితో పని లేనప్పుడు, మొదటి అరగంటలోనే, పిల్లల ఆటలోనో ముసలివాళ్ల హాస్యంలోనో జారవిడవాలి. ఇక్కడ అది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ రాత్రి పక్కింటి అవ్వ గొడుగు వేసుకుని వస్తుంది: "నా దగ్గర డెబ్బై ఏళ్లున్నాయి కొడుకా, కావలసినవి తీసుకో." రక్తసంబంధం నియమం మనకు ముందే తెలిస్తే, ఆ మాటకు గుండె బరువెక్కుతుంది, తలుపు మూసుకుంటుంది. తెలియకపోతే, అవ్వను కాదని పిల్ల దగ్గరికి వెళ్లిన మల్లయ్య స్టానిస్ పక్కన చేరతాడు.

మూడోది, అతని మనసులో మాట ఎలా బయటికి తేవాలి? స్వగతం వద్దన్నాం. మన ఒగ్గు కథలో ప్రధాన కథకుడి పక్కన వంత పాడేవాడు ఉంటాడు. ఊకొడుతూ, మధ్యలో ఆపి అడుగుతూ కథను ముందుకు తోస్తాడు. ఐనవోలులోనో కొమురవెల్లిలోనో జాతరకు వెళితే గమనించండి. కథకుడు దాటవేయాలనుకున్న దాన్ని అతను దాటవేయనివ్వడు. మల్లయ్యకూ అలాంటి ఒక మనిషిని ఇవ్వండి. తూము దగ్గర పనిచేసే కుర్రాడు చాలు. "కోటకు కబురు పంపారు కదా, ఏమన్నారు?" అని వాడు అడిగితే, "తలా రెండు తట్టల మట్టి వెయ్యమన్నారు" అని మల్లయ్య జవాబు. ఒక్క ప్రశ్నతో ఇంకో తలుపు మూసుకుంది, రాజు సంగతీ తెలిసింది.

ఇంత చేశాక ప్రేక్షకుడు మల్లయ్య పక్కన నిలబడతాడు. నిలబడటం అంటే పని మంచిదని ఒప్పుకోవడం కాదు. పిల్ల నష్టం పిల్లదే, అడగకుండా తీసుకున్నాడు. దాన్ని మెత్తబరిచే సంగీతం వెయ్యకండి.

ఇంతకీ మల్లయ్య దుర్మార్గుడా? నా ఉద్దేశంలో ఆ రాత్రి కాడు. ఉదయం "ఈ చీర ఎవరిది?" అని అడిగితే "ఏమో బిడ్డా" అన్నాడనుకోండి, అప్పుడు మొదలవుతుంది. మరుసటి వానాకాలం నీటి దగ్గరికి వెళ్లి తన వంతు ప్రయత్నించకుండానే, నేరుగా పిల్ల పడక దగ్గరికి నడిచాడనుకోండి, అక్కడ పూర్తవుతుంది. మొదటిసారి చేతులు వణికితే, రెండోసారి వణకలేదని చూపే ఒక్క దగ్గరి దృశ్యం చాలు. మూల నవలలో ఈ రెండో ఏడు ఉంటే దాన్ని కత్తిరించకండి. నిడివి తగ్గించమని ఎవరు అడిగినా మొదట పోయేది ఇలాంటి దృశ్యమే, అందుకే ముందే చెబుతున్నాను.

అభ్యాసం

మేడారం ఐతిహ్యం మీకు తెలుసు. కరువు వచ్చి కప్పం కట్టలేకపోయిన కోయ దొర పగిడిద్ద రాజు. కప్పం కోసం సైన్యాన్ని పంపిన కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు. పోరులో ఒరిగిన సారలమ్మ. ఓటమి భరించలేక సంపెంగ వాగులో దూకిన జంపన్న. చిలకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైన సమ్మక్క. రెండేళ్లకోసారి లక్షల మంది మొక్కే తల్లుల కథ ఇది కాబట్టి, వాళ్ల పాత్రలను ముట్టుకోవద్దు. మీ పని అవతలి వైపు.

అదే ప్రతాపరుద్రుడు ఓరుగల్లు వైపు నుంచి చూస్తే ఎవరు? 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడికి తలవంచి, ఢిల్లీకి కప్పం కట్టడానికి ఒప్పుకున్న రాజు. 1323లో ఉలుగ్ ఖాన్ చేతికి కోట పోయి, బందీగా ఢిల్లీకి తరలిస్తుంటే నర్మద ఒడ్డున ప్రాణం విడిచిన రాజు. కప్పం అడిగేవాడే కప్పం కట్టేవాడు కూడా. ఐతిహ్యాన్నీ చరిత్రనూ ముడివేయడం కల్పన పని. ఆ స్వేచ్ఛ మీకుంది.

మేడారం మీదికి సైన్యాన్ని పంపే ఆజ్ఞ వెలువడిన సభను రెండు ప్రతులుగా రాయండి. ఒక్కొక్కటి మూడు పేజీలు మించకూడదు. రెండింటిలోనూ ఆజ్ఞ మాటలు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. మొదటి ప్రతి చదివితే రాజు మీద కోపం రావాలి. రెండో ప్రతి చదివితే కోపం పోకుండానే ఊపిరి బరువెక్కాలి. రాజు తన బాధ తాను చెప్పుకోకూడదు, ఏడవకూడదు, కలలు కనకూడదు. ఖజానా లెక్క చూసే కరణం, ఢిల్లీ నుంచి వచ్చిన దూత, మేడారం నుంచి కరువు కబురు తెచ్చిన మనిషి – ఈ ముగ్గురిలో ఎవరిని ముందు సభలోకి పంపుతారో, ఎవరిని గుమ్మం బయటే నిలబెడతారో బాగా ఆలోచించండి. కరువు కబురు రాజు చెవిన పడిందా లేదా అన్నది మీ రెండు ప్రతుల మధ్య అతి పెద్ద తేడా కావచ్చు.

రాశాక రెండింటినీ కథ తెలియని మనిషికి వినిపించి, "రాజు ఇంకేం చేసి ఉండవచ్చు?" అని మాత్రం అడగండి. వచ్చిన జవాబును ప్రతి చివర రాసి పంపండి. వచ్చే పాఠంలో ఆ జవాబులను ముందు పెట్టుకుని, గుమ్మం బయట నిలబడ్డ మనిషికి ఎన్ని మాటలు ఇవ్వాలో చూద్దాం.